తంగేడు మీద తుమ్మెద: గాంధారి ప్రాంతంలో పరిశీలన నడిచిన తీరు

కామారెడ్డి, ఎల్లారెడ్డి పట్టణాలకు చేరువలోని గాంధారి మండలంలో అడవీ చేనూ కలిసే ఉంటాయి. టేకు, మోదుగ, ఇప్ప, తునికి పెరిగే ఆకురాల్చే అడవి ఒకవైపు, మక్కచేన్లూ వరిమళ్లూ మరోవైపు, నడుమ ఊళ్లూ తండాలూ. ఇలాంటి చోట పువ్వునూ దాని మీద వాలే పురుగునూ గమనించడం ఎప్పటినుంచి ఉందంటే, తెల్లదొరల కాలం నుంచనో చేతికి ఫోన్లు వచ్చాకనో చెప్పేవాళ్లే ఎక్కువ. నాకు ఆ మాట సరైనదిగా తోచదు. ఇక్కడ చూపు ఏనాడూ కొరవడలేదు. అది బతుకుదెరువు వెంట, పండుగ వెంట నడిచింది, ఆ పని ఆగినచోట తానూ ఆగింది. రాత చాలా ఆలస్యంగా వచ్చింది. వచ్చాక కూడా మొక్కల పేర్లనే నమోదు చేసింది తప్ప మొక్కకూ పురుగుకూ ఉన్న పొత్తును చాలాకాలం పట్టించుకోలేదు.

గోదావరి సీమ జీవితం నిండిన హాలుడి గాథాసప్తశతిలో ఇప్పపూలు, మోదుగపూలు, పూల చుట్టూ తిరిగే తుమ్మెదలు పదేపదే కనిపిస్తాయి. వాటిని కవిసమయాలని కొట్టేయవచ్చు. కానీ ఏ పువ్వు ఏ రుతువులో పూస్తుందో తెలియని వాళ్ల ముందు ఆ కవిత్వం నిలవదు. బతుకమ్మ ఇంకా గట్టి సాక్ష్యం. భాద్రపద అమావాస్యకు తంగేడు ఎక్కడ విరగబూసిందో, గునుగు ఏ చేను గట్టున దొరుకుతుందో తెలిసి ఉంటేనే పండుగ సాగుతుంది. తునికాకు కోసేవాళ్లకు ఆకు ఎప్పుడు ముదురుతుందో తెలియాలి. తేనె తీసేవాళ్లకు ఇంకా సూక్ష్మమైన చూపు కావాలి. నీటి చెలమ దగ్గర వాలిన ఈగ ఎటు లేచిపోతుందో చూసి తుట్టె ఆచూకీ పట్టాలి. పొదల్లో కొమ్మను చుట్టుకుని కట్టే జుంటితేనె తుట్టెనే తీసుకోండి. పైన కొమ్మ చుట్టూ ఉబ్బుగా ఉండే భాగంలో తేనె, కింద వేలాడే రేకులో పిల్లలు. ఆ పైభాగం చిన్న అరుగులా ఉంటుంది. మేత దొరికిన ఈగ దాని మీదే చిందులు వేస్తూ, పూలున్న దిక్కుకు నేరుగా ముఖం పెట్టి పరుగు తీస్తుంది. తేనెటీగల నాట్యభాషను విప్పినందుకు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ వచ్చింది. ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్ 1950ల్లో సింహళానికి వచ్చి మన ఆసియా ఈగలను పరిశీలించాడు. చీకటి గూటిలో నిలువు తుట్టె మీద ఆడే ఈగ సూర్యుడి దిక్కును గురుత్వాకర్షణలోకి మార్చి చెప్పాలి, జుంటి ఈగకు ఆ మార్పిడి అక్కర్లేదని ఆయన చూపించాడు. గాంధారి చుట్టుపక్కల పొదల్లో జుంటితుట్టె దొరికిన ఎవరికైనా ఈ దృశ్యం అందుబాటులోనే ఉంది.

తేనె కోసం తుట్టె కోసేవాణ్ని పరిశీలకుడనడం అతిగా లేదా అని ఎవరైనా అడగవచ్చు. ఆ ప్రశ్నలో న్యాయముంది. పొగబెట్టి పిల్లలతో సహా కోసుకుపోయే పద్ధతి ఈగలకు చేటు. అయితే ఉద్దేశం వేరు, జ్ఞానం వేరు. నల్లమల చెంచులు తాళ్లు కట్టుకుని కొండచరియల్లో తేనె తీసే తీరును మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943 నాటి తన పుస్తకంలో వర్ణించాడు. ఈగ రాకపోకలు తెలియకుండా అంతటి తెగువ పనికిరాదు. ఈ జ్ఞానానికి ఉన్న అసలు లోపం మరొకటి. దానికి తేదీ లేదు. ఫలానా ఏడు తంగేడు ముందే పూసిందా, ఈగలు తగ్గాయా అన్నది ఆ తరం జ్ఞాపకంతోనే పోయింది.

తేదీ వేసి రాయడం మనకు కోస్తా నుంచి వచ్చింది. వృక్షశాస్త్రవేత్త లినేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1785లో కాకినాడ పక్కన జగన్నాథపురంలో కన్నుమూశాడు. అప్పటికే సామర్లకోటలో పనిచేస్తున్న విలియం రాక్స్‌బర్గ్ మొక్కల తెలుగు పేర్లను కూడా రాసుకున్నాడు. సోమిద చెట్టు పేరే శాస్త్రంలో సొయ్‌మిడా అయింది. 1795 నుంచి 1820 దాకా వెలువడిన ఆయన కోరమాండల్ మొక్కల సంపుటాల్లో 300 చిత్రపటాలున్నాయి. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది మాత్రం లక్క పురుగు మీద ఆయన రాసి 1791లో లండన్‌లో అచ్చయిన వ్యాసం. కొండల నుంచి తెచ్చిన లక్క కొమ్మలను వెడల్పు మూతి సీసాల్లో ఉంచి, అందులోంచి సన్నని పురుగులు వేలాదిగా పాకివచ్చేదాకా కనిపెట్టి చూశాడు. చెట్టునూ పురుగునూ కలిపి చూసిన చూపది. దురదృష్టవశాత్తూ ఆ దారి సాగలేదు. తర్వాతి కాలమంతా జాబితాలదే. అదీ పాలన సరిహద్దుల మేరకే. గాంబుల్ మొదలుపెట్టి ఫిషర్ ముగించిన వృక్షజాల గ్రంథం (1915–36) మద్రాసు రాజధానిది, నిజాం రాజ్యం దాని పరిధిలో లేదు. హైదరాబాద్ రాజ్యంలో సలీం అలీ 1931–32లో సర్వే చేశాడు గాని అది పక్షుల సర్వే. గాంధారి అప్పుడున్న నిజామాబాద్ జిల్లాకంటూ ఒక వృక్షజాల గ్రంథం 1995లో వచ్చింది. రాసినవాళ్లు టి. పుల్లయ్య, బి. రవిప్రసాదరావు. మొక్కల విషయంలో ఈ ప్రాంతానికి అది పెద్ద ఆధారం. పువ్వు మీద ఎవరు వాలుతున్నారన్నది అలాంటి గ్రంథం చెప్పే సంగతి కాదు.

ఆ సంగతి చెప్పే పని తెలుగునాట విశాఖపట్నంలో బలపడింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సి. సుబ్బారెడ్డి, ఆయన సహచరులు పరాగసంపర్కాన్ని ఏళ్ల తరబడి అధ్యయనం చేశారు. సీతాకోకచిలుకలు పూలకు చేసే మేలు మీద 1984లోనే పత్రం ప్రచురించారు. ఈ చూపుతో మన తంగేడు దగ్గర నిలబడితే బతుకమ్మ పువ్వు వేరేగా అర్థమవుతుంది. తంగేడు పువ్వులో మకరందం ఉండదు, పుప్పొడే కూలి. ఆ పుప్పొడి సన్నని రంధ్రాలున్న కేసరాల్లో ఉంటుంది. నల్లని పెద్ద తుమ్మెద వచ్చి పొట్టి కేసరాలను కావలించుకుని ఒళ్లు అదిరేలా ఝుమ్మంటుంది. ఆ అదురుకు పొడి చిమ్ముతుంది. కొంత తుమ్మెద మేతకు పోతే, పొడుగు కేసరాల పొడి దాని ఒంటికి అంటి మరో పువ్వుకు చేరుతుంది. అదే చెట్టు లేతాకు మీద పసుపు, లేతాకుపచ్చ రెక్కల సీతాకోకచిలుకలు ఒక్కో గుడ్డే పెట్టి పోతాయి. ఆకు రంగులోనే ఉండే ఆ పచ్చపురుగును చూసి తెగులని మందు కొట్టేవాళ్లకు, ఎగిరే సీతాకోకచిలుకకూ దానికీ చుట్టరికం తెలియదు. సీతాకోకచిలుక తేనె ఇవ్వదు, నిమ్మ, కరివేప ఆకులు తినే పురుగుల సంగతి తప్పిస్తే రైతుకు పెద్దగా నష్టమూ చేయదు. అందుకే పాత చూపు దాన్ని అందంగా మాత్రమే చూసి వదిలేసింది.

చేలలో జరిగిన మార్పు నా వాదనకు మరో ఆధారం. నువ్వులు, కుసుమలు, కంది పూతకు ఈగల రాక మేలు చేస్తుంది. వాటిని పండించే రైతు పూతను చూసేటప్పుడు ఈగనూ చూస్తాడు. మక్కకు గాలి చాలు, వరికీ సోయాకూ తమ పుప్పొడే దాదాపు సరిపోతుంది. ఇప్పుడు విరివిగా వేసే పంటలు ఇవే కాబట్టి ఈగను పట్టించుకోవలసిన అవసరమే రైతుకు తగ్గిపోయింది. పూలూ పురుగులూ తగ్గడానికి పురుగుమందులూ కలుపుమందులూ అడవి నరుకుడూ అసలు కారణాలైతే చూపును తప్పుపట్టడమెందుకని అడగవచ్చు. ఆ కారణాలు కాదనలేనివే. చేన్లో కలుపుమందు పడితే గునుగు పోతుంది, అందులో సందేహం లేదు. అయితే ఏది ఎంత తగ్గిందో చెప్పే లెక్క లేనప్పుడు ఆ నష్టాన్ని ఏ అధికారి ముందూ నిరూపించలేం.

ఫోన్లు ఆ లోటు తీర్చాయా? కొంత తీర్చాయి. 2008లో మొదలైన ఐనాచురలిస్ట్‌లో ఎవరైనా ఫొటో పెట్టి పేరు తెలుసుకోవచ్చు, 2020 సెప్టెంబరు నుంచి దేశంలో సీతాకోకచిలుకల మాసం జరుపుతున్నారు. కానీ ఫొటో కనిపించినదాన్నే చెబుతుంది, కనిపించనిదాని గురించి మౌనం. బ్రిటన్‌లో 1976 నుంచి వారం వారం ఒకే బాట వెంట నడిచి సీతాకోకచిలుకలను లెక్కిస్తున్నారు. సున్నా వచ్చిన వారం సున్నా రాస్తారు, ఆ సున్నాలకే విలువ ఎక్కువ. మనకు అలాంటి బాటలు సిద్ధంగానే ఉన్నాయి. 2020 నుంచి తెలంగాణ పల్లెల్లో పల్లె ప్రకృతి వనాలు పెంచారు. నాటిన తోట అడవికి సాటిరాదన్న మాట నిజం. పోల్చి చూడటానికి మాత్రం అదే పనికొస్తుంది. వనంలో ఒక బాట, అడవి అంచున ఒక బాట, చేను గట్టున ఒకటి పెట్టుకుని, తేదీ, ఎండా మబ్బూ, పూసిన మొక్క, దాని మీద వాలింది తుమ్మెదా జుంటి ఈగా సీతాకోకచిలుకా, ఎన్ని అన్న వివరాలు రాస్తే చాలు. బడిపిల్లలు చేయగల పని ఇది. తంగేడు విరగబూసే బతుకమ్మ రోజులతో మొదలుపెడితే, పువ్వులు కోసుకొచ్చే అమ్మమ్మలకు తెలిసినదీ ఆ నోటు పుస్తకంలోనే చేరుతుంది.