తాబేళ్ళు, రెండు కర్రలు, ఒక గొలుసు

పోయిన వేసవి సెలవుల్లో మా మనవడు కంప్యూటరు ముందు కూర్చుని నింజా తాబేళ్ళ బొమ్మల ధారావాహిక పాత భాగాలు చూస్తున్నాడు. వంటింట్లోంచి మా అమ్మాయి, "నాన్నగారూ, అది వాడు చూడదగినదేనా? కాస్త చూసి చెప్పండి" అన్నది. మూడు దశాబ్దాలు పిల్లల నడుమ గడిపినవాణ్ణి, తీర్పు చెప్పడమెంత అనుకొని పక్కన కూర్చున్నాను. రెండు భాగాలు పూర్తయ్యాయి. నా నోట తీర్పు రాలేదు. ఇదే తీర్పుకోసం ఒక దేశమే తర్జనభర్జన పడిందని తరువాత చదివి తెలుసుకున్నాను. ఆ ముచ్చట మిత్రులతో పంచుకోవాలనిపించింది.

ఈ తాబేళ్ళు 1984లో అమెరికాలో పుట్టాయి. కెవిన్ ఈస్ట్‌మన్, పీటర్ లెయిర్డ్ అనే ఇద్దరు చిత్రకారులు సొంతంగా అచ్చువేసుకున్న నలుపు తెలుపు బొమ్మల పుస్తకమది. పసివాళ్ళను ఉద్దేశించినది కాదు. తొలి సంచికలోనే ప్రతినాయకుడు మరణిస్తాడు. 1987లో దానిని పిల్లల టీవీకి తెచ్చినవారు శత్రుసైనికులను మరమనుషులుగా మార్చివేశారు. యంత్రాన్ని నరికితే నెత్తురు రాదు గదా! నలుగురు నాయకులకు లియొనార్డో, మైకెలాంజెలో, డొనాటెల్లో, రాఫెయెల్ అని ఇటలీ కళాచార్యుల పేర్లు. ఒకనికి జంట ఖడ్గాలు, ఒకనికి పొడుగాటి కర్ర, ఒకనికి త్రిశూలాన్ని తలపించే పొట్టి ఆయుధాలు. మైకెలాంజెలోకు మాత్రం నంచాకు, అనగా గొలుసుతో కలిపిన రెండు పొట్టి కర్రలు. ఒకినావా దీవుల యుద్ధవిద్యకు చెందిన ఈ చిన్న సాధనమే మన కథకు కేంద్రం.

1990లో ఈ ధారావాహిక బ్రిటన్‌లో బీబీసీకి వచ్చేసరికి పేరులోని 'నింజా' మాయమై 'హీరో' ప్రవేశించింది. శీర్షికాగీతంలోనూ ఆ మాటను తొలగించారు. నింజా అన్న పదం హింసను స్ఫురింపజేస్తుందని వారి భయం. వృత్తిరీత్యా పదాల వెంట పడేవాణ్ణి కనుక ఇక్కడ కొంచెం ఆగుతాను. జపాను భాషలో 'నిన్' అంటే ఓర్చుకోవడం, మరుగున ఉండడం; 'జా' అంటే మనిషి. ఆ 'నిన్' అక్షరాన్ని రాసే తీరు చూడండి: పైన కత్తి అంచు, కింద హృదయం. ఓర్పుగలవాణ్ణి వెళ్ళగొట్టి వీరుణ్ణి కూర్చోబెట్టారన్నమాట! వీరుడు తక్కువ కొడతాడా?

అంతటితో ఊరుకోలేదు. మైకెలాంజెలో నంచాకు తిప్పే దృశ్యాలన్నీ కత్తిరించారు. మరి అన్నగారి జంట ఖడ్గాలో? అవి యథాతథంగా ఉండిపోయాయి. 1991లో వచ్చిన రెండవ చలనచిత్రం సంగతి ఇంకా విచిత్రం. అందులో మైకెలాంజెలో మాంసంతో చేసే సాసేజిల దండను నంచాకులా గిరగిర తిప్పుతాడు. సినిమాలకు అనుమతిపత్రాలిచ్చే బి.బి.ఎఫ్.సి. దానినీ కత్తిరింపజేసింది. తినే పదార్థానికి ఆయుధదోషం పట్టింది.

ఇది చదివి పకపక నవ్వాను. కారణం తెలుసుకున్నాక నవ్వు తగ్గింది. 1973 నాటి బ్రూస్ లీ చిత్రం 'ఎంటర్ ది డ్రాగన్' నంచాకును లోకమంతటా ప్రసిద్ధం చేసింది. 1975 నుంచి 1999 వరకు ఆ సంస్థకు అధిపతిగా ఉన్న జేమ్స్ ఫెర్మన్ చింత కథను గురించి కాదు, అనుకరణను గురించి. జపాను ఖడ్గం ఏ పిల్లవాడికి దొరుకుతుంది? రెండు కర్రలూ ఒక గొలుసూ ప్రతి ఇంటా దొరుకుతాయి.

ఇక్కడే నా పాత గాయం రేగింది. 1987, 88 సంవత్సరాల్లో ఆదివారం ఉదయం దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ రామాయణం వచ్చేది. వీధులు నిర్మానుష్యమయ్యేవి. సోమవారం మా బడి ఆవరణ నిండా వెదురుబద్దల విల్లులు, చీపురుపుల్లల బాణాలు. చూసి మురిసిపోయినవాళ్ళలో నేనూ ఉన్నాను; రాముడి పాఠం చెబుతూ ఒకణ్ణి విల్లు పట్టించి తరగతి ముందు నిలబెట్టాను కూడా. ఆ వారమే ఏడవ తరగతి పిల్లవాడొకడు వదిలిన పుల్ల వాళ్ళ తమ్ముడి కంట్లో గుచ్చుకున్నది. ఆ కంటికి చూపు పూర్తిగా తిరిగి రాలేదు. మర్నాడు గదిగదీ తిరిగి విల్లులన్నీ లాక్కున్నాను. రామాయణం ఆపాలని మాత్రం ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

నేను చేసింది ఫెర్మన్ చేసిన పనే గదా. వస్తువును తీసివేసి కథను ఉంచాను. అందుచేత నంచాకు విషయంలో ఆయన్ను తప్పుపట్టలేను. పేరు మార్పు, సాసేజి కోత మాత్రం వేరు. నియమం ఎందుకు పుట్టిందో మరచి, నియమాన్నే పట్టుకు వేలాడడం అది. సాసేజితో ఎవరి కన్ను పోతుంది? ఫెర్మన్ పదవి వీడిన తరువాత ఆ పట్టు సడలింది. 2001లో బ్రూస్ లీ చిత్రం అక్కడ కోతలు లేకుండా వెలువడింది. అమెరికాలో న్యూయార్కు రాష్ట్రం 1974లో నంచాకు కలిగి ఉండడాన్నే నిషేధిస్తే, 2018లో న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

మా అమ్మాయికి ఆ సాయంత్రమే జవాబు చెప్పవలసి వచ్చింది. మనవడు రెండు చెక్క స్కేళ్ళను బూటుతాడుతో ముడివేస్తూ కనిపించాడు. "చూడనీ అమ్మా, నేను పక్కనుండగా చూడనీ" అన్నాను. స్కేళ్ళు తీసుకొని, రెండు పాత దినపత్రికలను గొట్టాలుగా చుట్టి వాడి చేతికిచ్చి, పెరట్లోకి పంపాను.