మాత్ర అంటే కొలత

విలియం బ్రాకెడన్ లండన్‌లో బొమ్మలు వేసుకునే మనిషి. మంచి పెన్సిళ్లకు పేరుపడ్డ బారోడేల్ గనిలో గ్రాఫైట్ అడుగంటుతోందని చిత్రకారులు బెంగపడుతున్న రోజులవి. తుక్కును పొడి చేసి, అచ్చులో పోసి, గట్టిగా నొక్కితే మళ్లీ గడ్డ కడుతుందని ఆయన గ్రహించాడు. 1843లో పేటెంటు తీసుకుంటూ, పెన్సిల్ గ్రాఫైట్‌తో పాటు మందు బిళ్లల్ని కూడా అందులో చేర్చాడు. యంత్రం మీద నొక్కిన బిళ్లకు మూలపురుషుడు వైద్యుడు కాదన్నమాట.

అంతకుముందు గుళికలు లేవా అంటే, బోలెడు. మన వైద్యులు కల్వంలో నూరి, శనగగింజంత, మిరియపు గింజంత అని కంటితో కొలిచి చేత్తో చుట్టేవారు. మాత్ర అన్న మాటకు అర్థమే కొలత. అయితే ఆ శనగగింజ ఏ చేనిదో ఎవరూ చెప్పలేదు. అచ్చు వచ్చాక ఆ పేచీ తీరింది. నన్నడిగితే గుళికల చరిత్రంతా ఈ పేచీ తీర్చుకోవడమే. పొడి చెప్పిన మాట వినదు. ఎగురుతుంది, అంటుకుంటుంది, ఒకచోట ఎక్కువ పడి ఇంకోచోట తక్కువ పడుతుంది. గుళిక వింటుంది.

ఎంత బాగా వింటుందో 1952లో అమెరికాలో తెలిసింది. స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ ఒక్క క్యాప్సూల్‌లో వందల గుళికలు నింపి, పూత కొన్నిటికి పల్చగా, కొన్నిటికి మందంగా వేసింది. పల్చటివి ముందు కరుగుతాయి, మందపువి తీరిగ్గా. పొద్దున మింగిన మందు సాయంత్రం దాకా విడుదలవుతూనే ఉంటుంది. పని నేర్చుకున్నది మాత్రం మిఠాయి వాళ్ల దగ్గరే. భోజనం హోటల్లో బిల్లుతో పాటు వచ్చే రంగురంగుల సోంపు ఎలా తయారవుతుందో అలాగే: తిరిగే పాత్రలో పలుకులు, మీద పాకం చిలకరింపు, ఆరబెట్టడం, మళ్లీ చిలకరింపు.

1988లో బజారుకొచ్చిన ఒమెప్రజోల్‌కు ఈ విద్యే దిక్కయింది. కడుపులో ఆమ్లాన్ని తగ్గించాల్సిన ఆ మందు, అదే ఆమ్లం తగిలితే పాడైపోతుంది. అందుకే కడుపు దాటి పేగులోకి వెళ్లాకే కరిగే పూత వేయాలి. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఇలాంటి గుళికలే చేసి, డ్రమ్ముల్లో నింపి, క్యాప్సూల్ కంపెనీలకు అమ్మే యూనిట్లున్నాయి. క్యాప్సూల్ విప్పి గుళికలు నమిలే అలవాటు మీ ఇంట్లో ఎవరికైనా ఉంటే మాన్పించండి. నమిలితే ఆ పూతంతా బూడిదలో పోసిన పన్నీరే.

విచిత్రంగా, అదే 1952లో మిషిగన్‌లో మరో బిళ్ల పుట్టింది. మిరియం మైకేల్ స్టిమ్సన్ డొమినికన్ సన్యాసిని, రసాయనశాస్త్ర పంతులమ్మ. డీఎన్ఏలోని క్షారాల మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతి వేసి చూడాలని ఆమె ప్రయత్నం. పొడి మీద వేస్తే కాంతి చెదిరిపోతుంది. ఆ పదార్థాన్ని పొటాషియం బ్రోమైడ్‌లో కలిపి నొక్కితే అద్దంలాంటి బిళ్ల వచ్చింది. జర్మనీలో షీట్ అనే ఆయన కూడా విడిగా ఇదే దారి పట్టాడు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాళ్లకు ఈ బిళ్లతో ఉన్న పేచీ నేను చెప్పక్కర్లేదు. అగేట్ రాతి కల్వంలో ఒక పాలు పదార్థం, వంద పాళ్లు ఆ బ్రోమైడ్ ఉప్పు వేసి నూరాలి, టన్నుల బరువుతో నొక్కాలి, ఊపిరి బిగబట్టి తియ్యాలి. వానాకాలమైతే ఆ ఉప్పు చెమ్మ పీల్చి బిళ్ల పాలలా తెల్లబడుతుంది. నాకు మూడోసారికి గాని అద్దం కాలేదు. రెండోది వేళ్ల మధ్యే అప్పడంలా విరిగింది.

పొడిని నొక్కి గుళిక చేసే ఈ పనే అణు ఇంధనానికీ కావాలి. హైదరాబాద్‌లో మౌలాలి వైపు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ 1971లో వెలిసింది. జాదుగూడ నుంచి, తర్వాతి కాలంలో కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి వచ్చే యురేనియం ఇక్కడ శుద్ధి అయి, నల్లటి ఆక్సైడ్ పొడిగా మారి, అచ్చుల్లో నలిగి గుళికవుతుంది. కాల్చకముందు దాన్ని గ్రీన్ పెల్లెట్ అంటారు, కుమ్మరి ఆవంలో పెట్టని పచ్చికుండ లాంటిది. హైడ్రోజన్ నిండిన కొలిమిలో సుమారు 1700 డిగ్రీల దగ్గర కాలాక గట్టిపడి కుంచించుకుపోతుంది. బొటనవేలి కొసంత ఉండే ఆ గుళిక కొనను దగ్గరగా చూస్తే చిన్న గుంట ఉంటుంది. రియాక్టర్‌లో గుళిక అంచుకంటే మధ్యభాగం బాగా వేడెక్కి ఉబ్బుతుంది, ఆ ఉబ్బుకు చోటు ముందే వదిలారు. లోహంగానే వాడొచ్చుగా అంటే, యురేనియం లోహం వేడి నీటితో పడదు, 1132 డిగ్రీలకే కరుగుతుంది. ఆక్సైడ్ 2800 దాటినా నిలబడుతుంది.

గుళిక వింటుంది అన్నానుగా. పెట్టె పగిలితే అదీ చెదిరిన ఆవాలే. 1983 చివర్లో మెక్సికోలోని హువారెజ్‌లో ఒక పాత క్యాన్సర్ చికిత్స యంత్రం తుక్కు కొట్టుకు చేరింది. లోపల మిల్లీమీటరంత కోబాల్ట్-60 గుళికలు దాదాపు 6 వేలు. అవి దారిలో రాలాయి, తుక్కుతో పాటు కరిగి ఇనప చువ్వల్లో కలిశాయి. ఆ చువ్వలు మోస్తున్న లారీ 1984 జనవరిలో దారి తప్పి లాస్ అలమోస్ అణు ప్రయోగశాల ముందుకు వెళ్లింది, అక్కడి పరికరం మోగింది. అప్పటిదాకా ఎవరికీ తెలియలేదు. ఆ ఇనుముతో కట్టిన ఇళ్లను తర్వాత కూల్చాల్సి వచ్చింది.

అంగారకుడి మీద 2012 నుంచి తిరుగుతున్న క్యూరియాసిటీ బండి కూడా ప్లుటోనియం గుళికల వేడితోనే నడుస్తోంది. అందరి కళ్లూ మాత్రం ఇప్పుడు ఇంకో గుళిక మీద ఉన్నాయి. హైడ్రోజన్ ఇంధనం నింపిన చిన్న గుళికను లేజర్లతో నలిపి సూర్యుణ్ణి రాజేయవచ్చని జాన్ నకోల్స్, సహచరులు 1972లో రాశారు. యాభై ఏళ్లకు, 2022 డిసెంబర్ 5న, కాలిఫోర్నియాలోని లివర్‌మోర్‌లో మిరియపు గింజ కంటే చిన్నదైన వజ్రపు గుళికను నలపడానికి 192 లేజర్లు ఒక్కసారిగా పేల్చారు. లోపలికి వెళ్లింది 2.05 మెగాజౌళ్లు, బయటికొచ్చింది 3.15. ఆ లేజర్లు వెలిగించడానికి గోడలోంచి లాగిన కరెంటు 300 మెగాజౌళ్ల పైమాటే. ఈ పద్ధతిలో విద్యుత్ కేంద్రం నడవాలంటే సెకనుకు పది గుళికలు పేలాలి. లివర్‌మోర్‌లో లేజర్లు పేల్చేది సగటున రోజుకు ఒకటి రెండుసార్లే.