సెవరమ్ చేపను ఇంట్లో పెంచాలంటే

మంచి మార్కులు వస్తే చేపల తొట్టె కొనిపెడతామని కొందరు తల్లిదండ్రులు పిల్లలకు మాట ఇస్తున్నారు. మంచిదే. కొనేముందు ఇది ఒకసారి చదవండి.

షాపులో రెండంగుళాల పిల్లగా ముద్దుగా కనిపించే సెవరమ్, సిక్లిడ్ కుటుంబపు చేప. సొంత చోటు దక్షిణ అమెరికాలోని అమెజాన్ నదీ ప్రాంతం. కేరళవాళ్ల కరిమీను దీనికి దూరపు చుట్టం. సిక్లిడ్లలో చాలావాటికి కొట్లాట ఎక్కువ. సెవరమ్ మాత్రం సాధువు, గుడ్లు పెట్టినప్పుడు తప్ప. అయినా నియాన్ టెట్రా లాంటి బుల్లి చేపల్ని తోడు వేయకండి, నోట్లో పడితే మింగేస్తుంది.

సాధువే గానీ చిన్నది కాదు. 20 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. బాగా చూసుకుంటే పదేళ్లు బతుకుతుంది. ఆరో తరగతిలో కొన్న చేప మీవాడు డిగ్రీ ముగించేదాకా ఉండొచ్చన్నమాట! గుండ్రటి గాజు గిన్నె దీనికి పనికిరాదు. కనీసం 4 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టె కావాలి. పిల్లలూ, ఘనపరిమాణం కట్టి చూడండి. 9 ఘనపుటడుగులు, అంటే సుమారు 250 లీటర్లు. నీళ్ల బరువే 250 కిలోలు. చదువుకునే బల్ల మీద పెట్టేది కాదు, గట్టి ఇనుప స్టాండు ఉండాలి.

నేను చేసిన తప్పు కూడా చెబుతాను. తొట్టె కొన్న రోజే చేపల్ని వదిలాను. వారం లోపే మూడు పోయాయి. చేప విసర్జించే అమోనియా దానికే విషం. దాన్ని నైట్రైట్‌గా, ఆపైన అంత హాని చేయని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది. అన్నాళ్లూ చేప లేకుండానే రోజూ చిటికెడు మేత వేసి ఫిల్టర్ నడపాలి. స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్‌కు ఆ బ్యాక్టీరియా చస్తుంది. తొట్టెలోంచి తీసిన నీళ్లతోనే కడగండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి, కొత్త నీళ్లలో క్లోరిన్ పోగొట్టే మందు కలపండి.

గుళికల మేతతోపాటు ఉడికించి పొట్టు తీసిన బఠాణీ, పాలకూర ఇష్టంగా తింటుంది. తొట్టెలో మెత్తటి మొక్కలు నాటారా, అవీ మేతే. నీళ్ల వేడి 24 నుంచి 29 డిగ్రీల మధ్య ఉండాలి.

పెద్దదైపోయిందని చెరువులో మాత్రం వదలకండి. అలా వదిలిన దక్షిణ అమెరికా సక్కర్ చేపలు మన నదుల్లో, చెరువుల్లో పెరిగి జాలర్ల వలలు చింపుతున్నాయి. పెరిగాక వెనక్కి తీసుకుంటారా అని కొనే రోజే షాపులో అడగండి. ఇంట్లో రెండడుగుల తొట్టెకే చోటుంటే గప్పీలు తెచ్చుకోండి, సెవరమ్ వద్దు.