వైర్‌లెస్ మౌస్: మొరాయింపు, కారణాలు, పరీక్షలు

వైర్‌లెస్ మౌస్ అంటే చేతి కదలికనూ మీట నొక్కునూ తీగ లేకుండా కంప్యూటరుకు చేరవేసే పరికరం. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో బహిరంగంగా ప్రదర్శించిన మౌస్‌కు తీగ ఉండేది. లాజిటెక్ సంస్థ 1984లో పరారుణ కిరణాలతో పనిచేసే మౌస్ తయారుచేసింది. దానికీ రిసీవరుకూ మధ్య ఏదైనా అడ్డువస్తే సంకేతం తెగిపోయేది. 1991లో అదే సంస్థ తెచ్చిన ‘కార్డ్‌లెస్ మౌస్‌మ్యాన్’ రేడియో తరంగాలకు మారింది. ఇప్పటి వైర్‌లెస్ మౌస్‌లు దాదాపు అన్నీ ఆ బాటలోనివే.

మౌస్ ఆగిపోతే నింద మౌస్ మీదే పడుతుంది. నిజానికి సెల్, సెన్సర్, రేడియో మార్గం, రిసీవర్, యూఎస్‌బీ పోర్టు, ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఏది తప్పినా బాణం గుర్తు కదలదు. అందుకే మొదటి పరీక్ష మరమ్మతు కాదు, మార్పిడి. అదే మౌస్‌ను రిసీవరుతో సహా ఇంకో కంప్యూటరుకు పెట్టి చూడాలి. అక్కడ పనిచేస్తే లోపం మొదటి కంప్యూటరులోనో దాని పరిసరాల్లోనో ఉన్నట్టు. అక్కడా పనిచేయకపోతే మౌస్‌నో రిసీవరునో అనుమానించాలి. చాలామంది మాత్రం డ్రైవర్ వేటతో మొదలుపెడతారు. మామూలు మౌస్‌కు కావలసిన డ్రైవర్ విండోస్‌లో, మ్యాక్‌లో, లినక్స్‌లో ముందే ఉంటుంది. ‘డ్రైవర్లన్నీ సరిచేస్తాం’ అంటూ ఎదురొచ్చే ఉచిత ప్రోగ్రాములతో ఇక్కడ పనే లేదు.

విద్యుత్తు

అడుగున చిన్న స్విచ్ ఉంటుంది, సంచిలో రాసుకుని అదే ఆగిపోవచ్చు. కొత్త మౌస్‌లో అయితే సెల్‌కూ లోహపు పలకకూ మధ్య ప్లాస్టిక్ పొర ఉండిపోయిందేమో చూడాలి. కొత్త ఆల్కలైన్ సెల్ 1.5 వోల్టులు ఇస్తుంది. రీఛార్జి చేసుకునే నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్ 1.2 వోల్టులే. అందువల్ల రెండో రకం వేస్తే కొన్ని మౌస్‌లు ఛార్జి ఉన్నా తక్కువ చూపిస్తాయి. రెండు సెల్‌లు పట్టే మౌస్‌లో ఒకటి పాతది, ఒకటి కొత్తది వేయకూడదు.

అడుగున ఎర్రటి వెలుగు లేదు కాబట్టి మౌస్ పోయిందనుకోవడం పొరపాటు. చాలా మౌస్‌లలో కంటికి కనిపించని పరారుణ కాంతి వాడతారు. ఫోన్ కెమెరాలో, ముఖ్యంగా ముందువైపు కెమెరాలో, అది తరచుగా కనిపిస్తుంది.

నెలల తరబడి వాడకుండా పెట్టిన మౌస్‌లో సెల్ కారి, స్ప్రింగు మీద తెల్లటి పొక్కు కడుతుంది. ఆల్కలైన్ సెల్‌లోని పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి వచ్చి గాలి తగిలి గట్టిపడితే అలా అవుతుంది. అది క్షారం, చర్మానికి మంచిది కాదు. చేతికి తొడుగు వేసుకుని, దూదిపుల్లను కొంచెం వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో ముంచి తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి.

లోపలే బ్యాటరీ ఉండే మౌస్‌లకు ఈ తంటా లేదు. అయితే 2015లో వచ్చిన ఆపిల్ మ్యాజిక్ మౌస్ 2కు ఛార్జింగ్ రంధ్రం అడుగున ఉంది. ఛార్జి అవుతున్నంతసేపూ దాన్ని వాడలేం. ఇది లోపం కాదట, రూపకల్పనే!

రేడియో మార్గం

డాంగిల్‌తో, అంటే చిన్న యూఎస్‌బీ రిసీవరుతో, వచ్చే మౌస్‌లూ బ్లూటూత్ మౌస్‌లూ 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలోనే మాట్లాడతాయి. వైఫైలో ఒక భాగం కూడా అక్కడే ఉంటుంది. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఇంత రద్దీలోనూ మౌస్ నెట్టుకొస్తుంది. దాన్ని నిజంగా ఇబ్బంది పెట్టేది తరచుగా పక్క పోర్టే.

యూఎస్‌బీ 3.0 పోర్టులో దత్తాంశం సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో ప్రవహిస్తుంది. ఆ ప్రవాహం వల్ల పుట్టే రేడియో రొద 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోకీ వ్యాపిస్తుందని ఇంటెల్ 2012లో ఒక సాంకేతిక పత్రంలో వివరించింది. హార్డ్‌డిస్క్ నుంచి ఫైళ్లు కాపీ అవుతున్నప్పుడే బాణం గుర్తు ఎగిరెగిరి పడి, కాపీ అయిపోగానే మామూలయితే, దోషి ఇదేనని దాదాపు ఖాయం చేసుకోవచ్చు. సెల్ మార్చినా, మౌస్ మార్చినా దీనికి ఫలితం ఉండదు. రిసీవరును దూరంగా ఉన్న యూఎస్‌బీ 2.0 పోర్టుకు మార్చాలి, లేదా చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో మౌస్ దగ్గరికి తేవాలి. నీలం రంగు పోర్టులు సాధారణంగా 3.0వి. బల్ల కింద పెట్టిన సీపీయూ వెనకవైపు రిసీవర్ గుచ్చితే ఇనప డబ్బా కూడా అడ్డవుతుంది. తీగ లేని మౌస్‌కు తీగ కొనమనడం వింతగానే ఉంటుంది గానీ, ఇంత చవకైన మందు ఇంకొకటి లేదు.

జోడీ తప్పడం

చూడటానికి ఒకేలా ఉన్నా డాంగిళ్లు ఒకదానికొకటి పనికిరావు. లాజిటెక్ 2009లో తెచ్చిన యూనిఫైయింగ్ రిసీవరుకు ఆరు పరికరాల వరకు కలపవచ్చు. 2021లో వచ్చిన లాజి బోల్ట్ దానితో కలవదు. చవక మౌస్‌లలో చాలావాటికి రిసీవరు ఫ్యాక్టరీలోనే జతకట్టి ఉంటుంది, అది పోతే మౌస్ పోయినట్టే. బ్లూటూత్ మౌస్ అయితే సెట్టింగ్స్‌లో పాత పేరు తీసేసి, అడుగున జత చేసే మీటను దీపం గబగబా వెలిగి ఆరేదాకా నొక్కిపట్టి మళ్లీ కలపాలి. మూడు కంప్యూటర్లకు మారే మౌస్‌లలో పొరపాటున రెండో నంబరు మీట నొక్కుకుపోవడం మామూలే.

కంప్యూటరు వైపు

టచ్‌ప్యాడ్ లేని విండోస్ కంప్యూటరులో మౌస్ లేకుండా పని నడపడానికి ఎడమ ఆల్ట్, ఎడమ షిఫ్ట్, నమ్ లాక్ మీటలను కలిపి నొక్కాలి. అనుమతి అడిగితే ఎంటర్ కొడితే చాలు, అంకెల మీటలతో బాణం గుర్తు కదులుతుంది. కంప్యూటరు నిద్ర లేచాక మాత్రమే మౌస్ రాకపోతే, డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ హబ్‌ల పవర్ మేనేజ్‌మెంట్ తెరచి, విద్యుత్ ఆదా కోసం పరికరాన్ని ఆపేందుకు ఇచ్చిన అనుమతి తీసేయాలి.

ఉపరితలం, మీటలు

ఆప్టికల్ సెన్సర్ బల్ల ఉపరితలాన్ని సెకనుకు వెయ్యికి పైగా చిత్రాలు తీసి, వాటి మధ్య తేడాను బట్టి కదలికను లెక్కగడుతుంది. అద్దం బల్ల మీద దానికి పట్టుకోవడానికి గుర్తులు దొరకవు. కింద తెల్ల కాగితం పరిస్తే విషయం తేలిపోతుంది.

ఒకసారి నొక్కితే రెండుసార్లు నొక్కినట్టవడం వైర్‌లెస్ లోపం కాదు. మీట కింది చిన్న స్విచ్‌లో రాగి రేకు అరిగో, మసి పట్టో అలా అవుతుంది. టంకం వేయగల మెకానిక్ దాన్ని మార్చగలడు. ఖరీదైన మౌస్‌కు ఆ శ్రమ గిట్టుబాటవుతుంది. మూడు నాలుగు వందల రూపాయల మౌస్‌కైతే కొత్తది కొనడమే మేలు.