తండ్రి తుపాకీ తనయునికి చేరాలంటే...

ఇంటి పెద్ద మరణిస్తే ఇల్లు, పొలం, నగలు వారసులకు సంక్రమిస్తాయి. ఆయన పేరిట లైసెన్సు ఉన్న తుపాకీ మాత్రం ఆ విధంగా సంక్రమించదు. ఆయుధం కుటుంబ ఆస్తే అయినా దానిని దగ్గర ఉంచుకొనే హక్కు లైసెన్సు పొందిన వ్యక్తికే పరిమితం. ఈ తేడా తెలియక తుపాకీని బీరువాలోనే ఉంచిన కుటుంబాలు, ఎటువంటి దురుద్దేశం లేకున్నా, అక్రమ ఆయుధం కలిగి ఉన్నారన్న అభియోగాన్ని ఎదుర్కోవలసి వస్తుంది. వారసుడు పొరుగు రాష్ట్రంలో స్థిరపడి ఉంటే చిక్కు మరింత పెరుగుతుంది.

బహుమతి కూడా బదిలీయే

ఆయుధ చట్టం-1959 ప్రకారం 'బదిలీ' అంటే అమ్మకం ఒక్కటే కాదు. అద్దెకివ్వడం, ఎరువివ్వడం, ఊరక ఇచ్చివేయడం కూడా బదిలీ కిందికే వస్తాయి. కనుక తండ్రి కుమారునికి ప్రేమతో ఇచ్చినా చట్టం దృష్టిలో అది బదిలీయే. తీసుకొనే వ్యక్తికి ఆ ఆయుధం కలిగి ఉండే అర్హత ఉన్నదో లేదో నిర్ధారించుకోకుండా అప్పగించడం 29వ సెక్షను కింద శిక్షార్హమైన నేరం. అంటే పుచ్చుకొన్నవారే కాక ఇచ్చినవారు కూడా బాధ్యులవుతారు.

సొంత వినియోగానికి లైసెన్సు పొందిన తుపాకీని మరొకరికి బదిలీ చేయదలచినవారు 5వ సెక్షను ప్రకారం జిల్లా మేజిస్ట్రేటుకు గాని, సమీప పోలీసుస్టేషను అధికారికి గాని ముందుగా లిఖితపూర్వకంగా తెలియజేయాలి. స్వీకరించే వ్యక్తి పేరు, చిరునామా అందులో పేర్కొనాలి. సమాచారమిచ్చిన తరువాత కనీసం 45 రోజులు గడిచేవరకు ఆయుధం చేతులు మారరాదు. స్వీకరించే వ్యక్తికి అప్పటికే లైసెన్సు ఉండాలి.

జీవించి ఉండగానే వారసునికి...

ఆయుధ నియమావళి-2016లోని 25వ నియమం వారసుల లైసెన్సుల గురించి వివరిస్తుంది. లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, లేక ఆయుధం ఆయన వద్ద 25 ఏళ్లుగా ఉన్నా, వీటిలో ఏది ముందైతే అప్పుడు, ఆయన సూచించిన చట్టబద్ధ వారసునికి లైసెన్సు మంజూరు చేయవచ్చు. లైసెన్సుదారు మరణించిన పక్షంలో వారసుడు దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇది అధికారి విచక్షణకు లోబడిన విషయం. వారసుడు అయినంత మాత్రాన లైసెన్సు హక్కుగా లభించదు. పోలీసు విచారణ నివేదిక తప్పనిసరి.

వారసునికి 21 ఏళ్లు నిండి ఉండాలి. హింసతో గాని, నైతిక భ్రష్టత్వంతో గాని కూడిన నేరంలో జైలుశిక్ష పడినవారు శిక్షాకాలం ముగిసిన తరువాత ఐదేళ్ల వరకు అనర్హులు. మానసిక స్థిమితం లేనివారికి, శాంతిభద్రతల నిమిత్తం బాండు ఇచ్చి ఆ గడువులో ఉన్నవారికి కూడా అర్హత లేదు.

మరణానంతరం తొలి కర్తవ్యం

లైసెన్సుదారు కన్నుమూసిన తరువాత కుటుంబ సభ్యులు చేయవలసిన మొదటి పని తుపాకీని, మిగిలి ఉన్న తూటాలను అనవసర జాప్యం లేకుండా సమీప పోలీసుస్టేషనులో గాని, లైసెన్సు పొందిన ఆయుధ డీలరు వద్ద గాని జమ చేయడం. 21వ సెక్షను ఈ బాధ్యతను నిర్దేశిస్తున్నది. జమ చేసినప్పుడు రసీదు తీసుకొని భద్రపరచుకోవాలి. జమ చేసినందువల్ల కుటుంబం హక్కు కోల్పోదు. నిర్ణీత గడువులోగా వారసుడు లైసెన్సు పొంది ఆయుధాన్ని తిరిగి తీసుకోవచ్చు, లేదా అర్హులైన వేరొకరికి విక్రయించవచ్చు. గడువు దాటిపోతే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో అది ప్రభుత్వపరమవుతుంది.

రాష్ట్రం దాటితే...

ఉదాహరణకు తండ్రి అనంతపురం జిల్లాలో, కుమారుడు బెంగళూరులో నివసిస్తున్నారనుకొందాం. తండ్రి లైసెన్సు వ్యవహారం జిల్లా కలెక్టరు పరిధిలో ఉంటుంది. కుమారుడు మాత్రం తాను నివసించే చోట, అంటే బెంగళూరు పోలీసు కమిషనరుకు దరఖాస్తు చేసుకోవాలి. అక్కడ లైసెన్సు మంజూరైన తరువాతనే ఆయుధాన్ని తీసుకోవాలి. 'ముందు తుపాకీ తెచ్చుకొని తరువాత కాగితాలు చూసుకొందాం' అనుకోవడమే పెద్ద పొరపాటు.

లైసెన్సు ఏ ప్రాంతానికి చెల్లుతుందో దానిపైనే రాసి ఉంటుంది. ఒక రాష్ట్రానికి పరిమితమైన లైసెన్సుతో సరిహద్దు దాటి ఆయుధాన్ని తీసుకువెళ్లరాదు. కనుక ప్రయాణానికి ముందే ఇరువైపుల అధికారులను సంప్రదించి, అవసరమైన అనుమతిని లిఖితపూర్వకంగా పొందాలి. తండ్రి మరణ ధ్రువీకరణ పత్రం, పాత లైసెన్సు, జమ రసీదు అందుబాటులో ఉంచుకోవాలి.

రెండింటికి మించరాదు

2019లో జరిగిన చట్ట సవరణ ఒక వ్యక్తి కలిగి ఉండగల తుపాకుల సంఖ్యను మూడు నుంచి రెండుకు తగ్గించింది. వారసత్వంగా వచ్చే తుపాకులకు కూడా ఈ పరిమితి వర్తిస్తుంది. ఇప్పటికే రెండు తుపాకులు ఉన్న కుమారుడు తండ్రి తుపాకీని మూడవదిగా తీసుకోజాలడు. అదే సవరణతో లైసెన్సు కాలపరిమితి మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది.

అటకపై ఉన్న పాత తుపాకులు

మరమ్మతు చేసినా పేలే అవకాశం లేని పురాతన ఆయుధాలకు 45వ సెక్షను మినహాయింపు ఇస్తున్నది. తుప్పు పట్టినంత మాత్రాన ఈ మినహాయింపు వర్తించదు. బాగుచేస్తే పనిచేసే తుపాకీకి లైసెన్సు ఉండవలసిందే. ఇక ఎన్నడూ లైసెన్సు లేని నాటు తుపాకీకి వారసత్వ నియమం వర్తించే ప్రసక్తే లేదు.

దరఖాస్తును తిరస్కరిస్తే అధికారి సాధారణంగా కారణాలను లిఖితపూర్వకంగా నమోదు చేయాలి. ఆ ఉత్తర్వుపై 18వ సెక్షను కింద అప్పీలు చేసుకొనే అవకాశం ఉంది. లైసెన్సు చేతికి వచ్చేవరకు గాని, అప్పీలు తేలేవరకు గాని తుపాకీ ఉండవలసిన చోటు పోలీసుస్టేషను లేదా డీలరు దుకాణమే తప్ప ఇంటి బీరువా కాదు.