దేవదూతల వాటా

విస్కీ పేరు వినగానే మొహం చిట్లించి పేజీ తిప్పెయ్యకండి. మిమ్మల్ని రుచి చూడమనటం లేదు. చెప్పబోయేది ఆ సీసా వెనకున్న ఒకావిడ కథ.

సింగిల్ మాల్ట్ స్కాచ్ అంటే మొలకెత్తించిన బార్లీతో, స్కాట్లండ్‌లో, ఒకే బట్టీలో కాచిన సారా. కాచినప్పుడది నీళ్ళలా తేటగా ఉంటుంది. ఓక్ చెక్క పీపాల్లో పోసి కనీసం 3 ఏళ్ళు మాగబెడితేగాని దాన్ని స్కాచ్ అనకూడదని చట్టం. రంగూ, వాసనలో పెద్ద పాలూ ఆ చెక్క చలవే. ఇంతా చేస్తే పీపాలోంచి ఏటా నూటికి సుమారు రెండు వంతులు ఆవిరైపోతుంది. అక్కడివాళ్ళు దానికి ‘దేవదూతల వాటా’ అని ముద్దుగా పేరు పెట్టుకున్నారు. 60 ఏళ్ళు దాచారనుకోండి, దేవదూతలు తాగగా మిగిలిందే మనుషులకి!

అలా మిగిలిన పీపా ఒకటుంది. స్పే నది దగ్గర మెకాలన్ అనే బట్టీ 1824లో లైసెన్సు పుచ్చుకుంది. 1892లో రోడరిక్ కెంప్ అనే ఆయన దాన్ని కొన్నాడు. ఆయన కూతురే జానెట్ హార్బిన్సన్. అందరూ నెట్టీ అని పిలిచేవారు. భర్త పోవడంతో 1918లో బట్టీ భారమంతా ఆవిడ నెత్తిన పడింది. బ్రిటన్‌లో ఆడవాళ్ళకి పార్లమెంటు ఓటు వచ్చిందే ఆ ఏడు. అదీ 30 ఏళ్ళు దాటి, ఆస్తి అర్హత ఉన్నవాళ్ళకే. అలాంటి రోజుల్లో సారా వ్యాపారం ఒక వితంతువు చేతికొచ్చింది! పైగా 1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం. బట్టీ మూతపడితే దాన్ని నమ్ముకున్న కుటుంబాలు వీధిన పడతాయి. ఆవిడ బెదరలేదు. 1938 దాకా, 20 ఏళ్ళు నడిపింది.

ఆవిడ హయాంలోనే 1926లో 263వ నంబరు పీపా నింపారు. 1986లో తెరిస్తే 40 సీసాలొచ్చాయి. వాటిలో 12 సీసాలకు ఇటలీ చిత్రకారుడు వలేరియో ఆదామి లేబుళ్ళు గీశాడు. అందులో ఒకటి 2023 నవంబరులో లండన్‌లో సోద్‌బీస్ వారి వేలంలో 21 లక్షల పౌన్లు దాటింది. మన లెక్కలో సుమారు 22 కోట్ల రూపాయలు! కొన్నవారు మూత తీస్తారా అంటే, అది అనుమానమే. తీస్తే విలువ పోదూ!

ఆ సీసా ఇవాళ ‘ఆదామి సీసా’గా లోకప్రసిద్ధం. బొమ్మ గీసినాయన్ని తక్కువ చెయ్యటం నా ఉద్దేశం కాదు సుమండీ. కానీ 60 ఏళ్ళ తర్వాత ఎవరో తెరిచే పీపా నిండిన రోజున, ఆ బట్టీలో పొయ్యి ఆరిపోకుండా కాచుకున్న మనిషిని తలుచుకునేవారెందరు? ఓపికకి 22 కోట్లు ఖరీదు కట్టిన లోకం, ఓపిక పట్టినవాళ్ళ పేరు అడగటం మరిచిపోతుంది. ఇది ఒక్క విస్కీకే జరిగిన అన్యాయం కాదని మీకు నేను చెప్పాలా?

పీపా తెరిచేనాటికి నెట్టీ లేదు. ఆ దేవదూతల వాటాలోనైనా ఆవిడకి నాలుగు చుక్కలు దక్కే ఉంటాయని నా ఆశ.