ట్రాక్టర్ ఇంజన్ అని నవ్విన డీజిల్, 24 గంటల రేసు గెలిచిన కథ

పోస్టు కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి.

పోయిన వారం మా తమ్ముడు ఫోన్ చేసి ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్‌లో సీటు వచ్చిందని చెప్పినాడు. గొంతులో సంతోషం లేదు. "ట్రాక్టర్ కింద పడుకునే పనికి చదువెందుకు అని నవ్వుతాండారన్నా" అన్నాడు. వానికి చెప్పిన చరిత్రే మీకూ చెప్తున్నా.

నంద్యాల, ఆళ్లగడ్డ పక్క డీజిల్ ఇంజన్ చూడనోళ్లు ఎవరూ లేరు. ట్రాక్టర్, వరికోత మిషన్, తండాకొచ్చే ఆటో, నీళ్లు తోడే మోటారు ఇంజన్. మన లెక్కలో డీజిల్ అంటే బరువు, చప్పుడు, పొగ, నిదానం. యూరప్‌లో రేసు కార్ల వాళ్ల లెక్క కూడా చాలా ఏళ్లు అదే.

ఫ్రాన్స్‌లో లె మాన్స్ అనే ఊరు ఉంది. 1923 నుంచి అక్కడ 24 గంటల కార్ల రేసు జరుగుతోంది. ఒక చుట్టు 13 కిలోమీటర్ల పైన. ఇప్పుడైతే ఒక్కో కారును ముగ్గురు డ్రైవర్లు మార్చి మార్చి తోల్తారు. పగలు, రాత్రి, వాన, ఏదొచ్చినా ఆగదు. 24 గంటల్లో ఎవరు ఎక్కువ దూరం పోతే వాళ్లే విజేత. అంటే వేగం ఒక్కటే చాలదు, కారు చెడిపోకూడదు, డీజిలో పెట్రోలో పోయించుకోడానికి మాటిమాటికీ ఆగకూడదు.

1949లో ఒక డీజిల్ కారు ఈ రేసుకు వచ్చింది గానీ చివరిదాకా నిలవలేదు. తర్వాత యాభై ఏళ్లకు పైగా పెట్రోల్ కార్లదే రాజ్యం. 2005 డిసెంబర్‌లో జర్మనీ కంపెనీ ఆడి 'ఆర్10 టీడీఐ' అనే కారును బయటపెట్టింది. 12 సిలిండర్లు, 5.5 లీటర్ల డీజిల్ ఇంజన్, రెండు టర్బోలు, 650 హార్స్‌పవర్ పైన.

డీజిల్ ఎందుకు? పెట్రోల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్ నిప్పు పెడుతుంది. డీజిల్‌లో ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే అదే కాగిపోతుంది, అందులోకి డీజిల్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. అంత గట్టిగా నొక్కడం వల్లే తక్కువ ఇంధనంతో ఎక్కువ పని జరుగుతుంది. లాగే బలం కూడా ఎక్కువ. దుక్కిలో ట్రాక్టర్‌కు పనికొచ్చే గుణం అదే. కాకపోతే ఆ ఒత్తిడిని తట్టుకోడానికి ఇంజన్ బరువుగా కట్టాలి. ఆడి ఇంజనీర్లకు పెద్ద తలనొప్పి అదే. ఇంజన్ పొడుగైంది, దానికి తగ్గట్టు కారూ పొడుగు చేయాల్సి వచ్చింది.

2006 మార్చిలో అమెరికాలో సెబ్రింగ్ 12 గంటల రేసులో దిగి, మొదటిసారే గెలిచింది. జూన్‌లో లె మాన్స్. బీలా, పిర్రో, వెర్నర్ తోలిన కారు 380 చుట్లు తిరిగింది. దాదాపు 5,180 కిలోమీటర్లు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు సుమారు 40 కిలోమీటర్లనుకుంటే, ఒక్క రోజులో 130 సార్లు పోయినంత. లె మాన్స్ గెలిచిన మొదటి డీజిల్ కారు అదే. 2007లో మళ్లీ వాళ్లే.

2008 రేసు నాకు ఎక్కువ ఇష్టం. ఫ్రాన్స్ కంపెనీ ప్యూజో కూడా డీజిల్ కారుతో వచ్చింది. క్వాలిఫయింగ్‌లో చుట్టుకు దాదాపు 5 సెకన్లు ఆడి కంటే ముందుంది. రాత్రి వాన పడింది. తడి రోడ్డు మీద ఆడి నిలబడింది, క్రిస్టెన్సెన్, కపెల్లో, మెక్‌నిష్ గెలిచినారు.

ఇందులో తెలుగోళ్ల ముక్క కూడా ఒకటుంది. కోయంబత్తూరులోని తెలుగు కుటుంబంలో పుట్టిన నరైన్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్‌లో దిగిన మొదటి భారతీయుడు, 2009లో ఇదే ఆర్10 కారును తోలడానికి లె మాన్స్ పోయినాడు. అప్పటికి ఆ కారు కోలెస్ అనే ప్రైవేట్ జట్టు చేతిలో ఉంది. రేసుకు ముందు భుజానికి దెబ్బ తగిలి ఆయన దిగలేకపోయినాడు. మిగిలిన ఇద్దరే, జ్వోల్స్‌మన్, లోటరర్, 24 గంటలూ పంచుకుని కారును ఏడో స్థానంలో తెచ్చినారు. లె మాన్స్‌లో పరుగు తీసిన మొదటి భారతీయుడనే పేరు 2012లో చెన్నై కుర్రాడు కరుణ్ చందోక్‌కు దక్కింది.

అంతా గొప్పే అని చెప్పను. నియమాలు డీజిల్ వైపు మొగ్గినాయని పెట్రోల్ జట్లు గొడవ చేసినాయి, ఆ మాటలో నిజం లేకపోలేదు. 2015లో ఆడి మాతృసంస్థ ఫోక్స్‌వ్యాగన్ రోడ్డు కార్ల పొగ పరీక్షల్లో మోసం చేసి దొరికింది. 2016 తర్వాత ఆడి ఈ రేసుల నుంచి తప్పుకుంది. ఇంజన్ అబద్ధం చెప్పదు, అమ్మేవాళ్లు చెప్తారు.

తమ్మునికి నేను చెప్పింది ఒక్కటే: నువ్వు ట్రాక్టర్ కింద పడుకుని విప్పే ఇంజెక్టర్, పంపు, టర్బో పనిచేసే సూత్రం, లె మాన్స్‌లో ఇంజనీర్లు విప్పిన దాని సూత్రం ఒకటే. వాళ్లు లెక్కలు కూడా నేర్చుకున్నారు. నువ్వూ నేర్చుకో, తర్వాత డిప్లొమాకు పో. సోమవారం పోయి చేరినాడు.

మన పిల్లల్లో ఐటీఐ చేసేవాళ్లుంటే కింద కామెంట్ పెట్టండి, వానికి పుస్తకాల గురించి చెప్పండి. నా రాతలో తప్పులుంటే దిద్దండి.